కోతల దాకా ఉండి చూపమన్నారు

మా చిన్నాయన కోదాడ దాకా వెళ్లి నాకు కాబోయే మనిషికి ఇల్లు ఇవ్వొద్దని చెప్పి వచ్చాడన్న కబురు మొదట నాకు తెచ్చింది గాజులక్క. ఆమె నాకు చుట్టం కాదు. సూర్యాపేటలో ఉండేది. మిర్యాలగూడ, కోదాడ, నడుమ ఊళ్లు తిరిగి ఇళ్లలో ఆడవాళ్లకు గాజులు వేసేది. ఆ రోజు మిర్యాలగూడలో మా ఇంటి అరుగు మీద గాజుల మూట దించి, నా చెయ్యి పట్టుకొని, లోపల ఉన్న మా చిన్నమ్మకు వినపడకుండా చెప్పింది.

"చెల్లె, ఒక మాట చెప్త, ఏడ్వకు. కోదాడల మీరు మాట్లాడుకున్న ఇల్లు లేదా, ఆ ఇంట్ల కోడండ్లకు గాజులు వేస్తున్న. మీ చిన్నాయన వచ్చిండు. ఆ మనిషికి ఉండనీకి అర్ర కిరాయికిస్తే రేపు పోలీసోళ్లు మీ ఇంటి మీదికొస్తరు, కోడండ్లున్న ఇల్లు, జర సూసుకోండి అన్నడు. చాయ్ తాగి పోయిండు."

చాయ్ తాగి పోయిండు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అంటే కోపంలోనో తొందరలోనో అన్న మాట కాదు. తీరికగా కూర్చుని, కప్పు ఖాళీ చేసి, లేచి వచ్చాడు.

నేను ఏడవలేదు. దీపం పెట్టే వేళయింది, వెళ్లి దీపం పెట్టాను. ఆ పూట మనకు మేలు చేసినవాళ్లను ఒక్కొక్కరిని తలుచుకొని దండం పెట్టడం మా నాయన నేర్పిన అలవాటు. మంచినీళ్లు ఇచ్చినవాళ్లను కూడా వదలకూడదనేవాడు. ఆ సాయంత్రం గాజులక్కను తలుచుకున్నాను. తర్వాత మొట్టమొదటిసారిగా కీడు చేసినవాణ్ని కూడా తలుచుకున్నాను. స్వామీ, ఈ మనిషిని క్షమించే బుద్ధి నాకు ఇవ్వకు అని అడిగాను. ఆయన ఇవ్వలేదు. ఆ దయకు ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

నా చిన్నతనంలో జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. బడి దూరం. మా అమ్మ ముందే పోయింది. నాయన పొద్దున్నే మా రైసు మిల్లుకు వెళ్లి, వడ్ల లారీలు దింపించి, ఇంటికి వచ్చి స్నానం చేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని చదివించేవాడు. చదవడం వచ్చాక మధ్యాహ్నాలు వాడకట్టు ఆడవాళ్లకు పురాణం చదివి వినిపించేదాన్ని. బడి మొహం చూడకపోయినా బడికి పోయిన వాళ్లకంటే తక్కువ చదవలేదు. అదంతా ఆయన పెట్టిన భిక్ష.

ఆయన పోయాక మిల్లు చిన్నాయన చేతికి వచ్చింది, నేనూ వచ్చాను. మా చిన్నాయన చెడ్డవాడని ఊళ్లో ఒక్కరు కూడా అనరు. మార్కెట్ యార్డు నుంచి ఎవరు వచ్చినా, నేను నీళ్లు తెచ్చి ఇచ్చే సమయానికి సరిగ్గా ఒకే మాట అనేవాడు. మా అన్న బిడ్డ, కాలు బాగలేదు, ఉన్నన్నాళ్లు నేనే సాకుత అనేవాడు. మీవంటి మనిషి ఈ కాలంల ఎవరున్నరు అనేవాళ్లు వాళ్లు. అప్పటికి నేను ఇంటిల్లిపాదికీ, మిల్లు గుమాస్తాలకూ వండి, పెట్టి, గిన్నెలు తోమి వచ్చి ఉండేదాన్ని. నడుమ ఒకటి రెండు సంబంధాలు వచ్చాయట. ఆమెకు పెండ్లి మీద మనసు లేదని చెప్పి పంపించాడట. ఆ సంగతి చిన్నమ్మ నోరు జారితే తెలిసింది. నన్ను ఎవరూ అడగలేదు.

ఎనభైల చివరలో మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి పోయినప్పుడు మలేషియా నుంచి తీర్థయాత్రకు వచ్చిన తెలుగువాళ్ల బస్సు ఒకటి అక్కడ ఆగింది. తాతల కాలంలో రబ్బరు తోటల కూలికి ఓడ ఎక్కినవాళ్ల పిల్లలు. నేను మంగళహారతి పాడుతుంటే అందులో ఒకాయన వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఇది మా మామ్మ పాడేదండి, సగమే గుర్తుంది, మిగతా సగం రాసి ఇస్తారా అని అడిగాడు. తోటల్లో పిల్లలకు చదువు చెప్పే మేష్టారు. రాసి ఇచ్చాను. ఇంకా పాటలు కావాలంటే చిరునామా ఇచ్చాను. ఆ తర్వాత కొన్నేళ్లు ఉత్తరాలు నడిచాయి. మొదట పాటలు, తర్వాత పాటలు లేకుండానే ఉత్తరాలు.

తొంభైల మొదట్లో ఆయన చిన్నాయనకే నేరుగా రాశాడు. మీ అన్నగారి అమ్మాయిని పెళ్లి చేసుకొని మా దేశం తీసుకెళ్లాలని ఉంది, మీ అనుమతి కావాలి అని. ఆ ఉత్తరాన్ని చిన్నాయన అరుగు మీద నలుగురి ముందర చదివి నవ్వాడు. నేను తలుపు వెనక ఉన్నాను. నలుగురూ నవ్వలేదు. బాగనే ఉన్నది గదా అన్నాడొకాయన. అప్పుడు మా చిన్నాయన మంచివాడిగా మిగలడానికి ఒక దారి వెతుక్కున్నాడు.

"రమ్మను. నారు పోసిన కాడికెళ్లి కోతల దాక గీడ మన నడుమ ఉండమను. తాగుతడా, తిరుగుతడా, నలుగురు సూస్తరు. కోతల నాటికి ఎవ్వరు ఏలు పెట్టి సూపకపోతే నేనే కాళ్లు కడిగి పిల్లనిస్త."

మాది కాలువ కింద వరి పండించే దేశం. ఇంట్లో పని మనిషిని పెట్టుకున్నా, మిల్లులో గుమాస్తాను పెట్టుకున్నా ఒక పంటకాలం చూసి నమ్ముతారు. కాబట్టి ఆ మాట అందరికీ న్యాయంగానే తోచింది. నౌకరీ చేసుకునే మనిషి సముద్రం దాటి వచ్చి అన్ని నెలలు ఎక్కడ కూర్చుంటాడని చిన్నాయన ధీమా. నేను ఆ మాటల్ని ఒక్కటీ మార్చకుండా ఆయనకు రాశాను.

ఆయన జీతం లేని సెలవు పెట్టి వచ్చేశాడు.

వేములపల్లి దిక్కు నారుమళ్లు పోస్తున్న రోజుల్లో మిర్యాలగూడ బస్టాండులో దిగి, లాడ్జిలో పెట్టె పెట్టి, మా అరుగు మీదికి వచ్చి చిన్నాయన కాళ్లకు దండం పెట్టాడు. చిన్నాయన ముఖం నేను చూశాను. ఆ ముఖం చూసినందుకు కూడా స్వామికి దండం పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెళ్లయినాక నన్ను వాళ్ల దేశం తీసుకెళ్లాలంటే ఆయన అక్కడి వీసా ఆఫీసులో నాకు స్పాన్సర్‌గా, అంటే పూచీగా నిలబడాలి. దానికి ఇక్కడ పెళ్లి సర్కారు పుస్తకంలో ఎక్కాలి. అది ఎక్కాలంటే ఆయన జిల్లాలో ఫలానా ఇంట్లో ఉంటున్నాడని రుజువు కావాలి. ఇంటి ఓనరు స్వయంగా పోలీసు ఠాణాకు వెళ్లి, ఈ పరదేశి మా ఇంట్లో ఉంటున్నాడని చెప్పాలి. వీసా ఆరునెలలకే. మళ్లీ అంత సెలవు వాళ్ల బడి ఇవ్వదు. ఇల్లు దొరకకపోతే ఆయన వెనక్కు పోతాడు, నేను అరుగు మీద నీళ్లు ఇస్తూ ఉండిపోతాను. నా బతుకంతా ఒక్క అర్ర మీద నిలబడి ఉంది.

మిర్యాలగూడలో ఇస్తామన్నవాళ్లు మరునాటికి కాదన్నారు. ఆషాఢం గదా, శ్రావణం రానీ అన్నారు. నమ్మాం. శ్రావణం వచ్చాక మా తమ్ముడు వస్తున్నాడు, బావి ఎండింది, కప్పు కారుతోంది అన్నారు. అప్పుడు ఆయన కోదాడ వెళ్లి ఒక పెద్దింట్లో వెనక అర్ర మాట్లాడుకొని వచ్చాడు. పెట్టె తీసుకొని వెళ్లేసరికి ఆ ఇంటాయన గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడట. ఏవనుకోకండి మాష్టారూ, మాకు ఇబ్బందిగా ఉంటదండి అన్నాడట. మజ్జిగ ఇచ్చి పంపాడట. ఎందుకు ఇబ్బందో చెప్పలేదు. ఆ ఎందుకు అన్నదే గాజులక్క రెండు రోజుల తర్వాత మోసుకొచ్చిన కబురు.

కబురు చెప్పి ఊరుకోలేదామె. మూట కట్టుకుంటూ, నన్ను చూడకుండా అంది.

"మా ఇంట్ల ముందటి అర్ర ఉన్నది. గాజుల పెట్టెలు ఒక పక్కకు జరుపుత. మా ఆయనకు గుడ మాట్లాడనీకి ఒక మనిషి దొరుకుతడు."

మేష్టార్ని వెంటబెట్టుకొని సూర్యాపేట ఠాణాకు వెళ్లింది. అక్కడ జరిగింది ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. రాసుకునే జమాదారు ఆమెను ఎగాదిగా చూసి, ఈయన నీకు ఏమైతడు అని అడిగాడట.

"మరిదైతడు సార్."

"మలేషియాల మరిదా నీకు?"

"యాడి మరిదైతే ఏంది సార్. చెల్లె నాది."

జమాదారు నవ్వి వేలిముద్ర తీసుకున్నాడట. నాకు అక్క లేదు. ఆ పూట నుంచి ఉంది. అది సర్కారు ఠాణాలో నమోదైన అక్కతనం.

ఆయన కోతల దాకా ఆ అర్రలోనే ఉన్నాడు. నల్లా దగ్గర ఆడవాళ్ల వరసలో బిందె పట్టుకొని నిలబడేవాడు. వాళ్లు మలేషియా మరిదీ, ముందుకు రా, మీ దేశంల నీళ్లు లేవా అని ఆటపట్టించేవాళ్లు. జొన్నరొట్టె తిని కడుపునొప్పి తెచ్చుకుంటే అక్క దవాఖానకు తీసుకెళ్లింది. సందేళ ఆమె పెనిమిటితో కూర్చుని గాజులు రంగుల వారీగా తాళ్లకు గుచ్చేవాడు. ఠాణా నుంచి మనిషి వచ్చి పెట్టె తెరిపించి వెళ్లాడు. ఎవరు పంపితే వచ్చాడో అతను చెప్పలేదు, మేం అడగలేదు.

వారానికోసారి బస్సెక్కి మిర్యాలగూడ వచ్చి మా అరుగు మీద కాసేపు కూర్చునేవాడు. చిన్నాయన ప్రతిసారీ చులకన చేసేవాడు. ఏం మాష్టరూ, ఇంక పోలేదా అనేవాడు. కోతలింకా అవలేదు కదండి మావగారూ అనేవాడు ఆయన, ఎంతో మర్యాదగా. పక్కన ఉన్నవాళ్లు మీసాల్లో నవ్వుకునేవాళ్లు.

కార్తీకం దాటింది. కోతలు పడ్డాయి. మిల్లు ముందు వడ్ల లారీలు బారులు తీరాయి. ఆ రోజు ఆయన వేములపల్లి పొలాల్లోంచి ఒక గుప్పెడు వరికంకులు అడిగి తెచ్చి, అరుగు మీద చిన్నాయన ముందర పెట్టాడు. మునుపు ఆ మాట విన్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. ఈయన మీద ఎవరికైనా మాట ఉన్నదా అని ఒకాయన అడిగాడు. ఎవరికీ లేదు.

చిన్నాయన కంకుల వంక చూడలేదు. నవ్వులాటకు అన్న మాట పట్టుకొని కూసుంటరా అన్నాడు. ఇంటిపేరు ఎరుక లేదు, తాత ఎవరో ఎరుక లేదు అన్నాడు. పెద్దమనుషులు ఊరుకోకపోయేసరికి, తలుపు వెనక నేనున్నానని తెలిసి కూడా, ఆ మాట అన్నాడు.

"కుంటిదాని కోసం సముద్రం దాటి వచ్చిండంటే, వానిల ఇంకేదో పెద్ద లోపమే ఉంటది."

అన్నాళ్లూ నలుగురి ముందు నా కాలు ఆయనకు పేరు తెచ్చి పెట్టింది. ఆ రోజు అదే కాలితో నన్ను కొట్టాడు. నేను తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చాను. ఆ అరుగు మీద మగవాళ్ల నడుమ నేను చేతిలో చెంబు లేకుండా నిలబడటం అదే మొదలు. కంకులు కొంగులో వేసుకొని లోపలికి పోయి దేవుడి దగ్గర పెట్టాను. మర్నాడు పొద్దున వంట చేసి, గుమాస్తాలకు పెట్టి, గిన్నెలు తోమి, ఒక సంచి తీసుకొని సూర్యాపేట బస్సెక్కాను.

గుడిలో పెళ్లయింది. గాజులక్కా, ఆమె పెనిమిటీ పీటల మీద కూర్చుని నన్ను అప్పగించారు. రిజిస్టరు పుస్తకంలో అక్క వేలిముద్ర వేసింది. వీసా గడువు దాటకుండా ఆయన వెళ్లిపోయి, అక్కడ నాకు స్పాన్సర్‌గా కాగితాలు పెట్టాడు. ఎక్కడ ఉన్నావు, ఎన్నాళ్లు ఉన్నావు, ఎవరి ఇంట్లో అని అడిగారట. ఠాణా ముద్ర ఉన్న కాగితం చూపించాడట. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదట. అనుమతి వచ్చేదాకా నేను గాజులక్క ముందటి అర్రలో ఉన్నాను. నేను వండబోతే నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఏండ్లకేండ్లు వండినవ్, ఇగ కూసోని తిను అనేది.

అనుమతి వచ్చింది. నన్ను తీసుకుపోవడానికి ఆయన మళ్లీ వచ్చాడు. ఆ సంగతి మిర్యాలగూడ చేరింది. అన్న బిడ్డ గాజులామె ఇంటి నుంచి విదేశం పోతదా అని మార్కెట్ యార్డులో అడిగారట. మా చిన్నాయనకు అడిగే మనుషులే దేవుళ్లు. కారు మాట్లాడుకొని చిన్నమ్మతో సహా సూర్యాపేట వచ్చాడు. జరిగిందేదో జరిగింది బిడ్డా, ఒడిబియ్యం పోసి పంపుతం, నలుగుర్ని పిలుస్తున్న, నువ్వు రావాలె అన్నాడు.

"వస్త చిన్నాయన" అన్నాను.

గాజులక్క నా ముఖంలోకి చూసింది. కారు వెళ్లాక అడిగింది, ఏమనుకుంటున్నవే అని. అక్కా, నా ఒడిల బియ్యం ముందుగాల నువ్వు పొయ్యి అన్నాను. ఆమె చాట తెచ్చుకొని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

మా దిక్కు ఆడపిల్లను పంపేటప్పుడు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ దోసిళ్లతో ఒడిలో పోస్తారు. పోసినవాళ్లదే పుట్టిల్లు. ఒకసారి ఒడి నిండితే, ఆ బియ్యం వండి నలుగురికి పెట్టేదాకా ఇంకొకరు పోయరాదు, ఆమె ఒడి పట్టరాదు. మా వాడకట్టులో చిన్న పిల్లకు కూడా ఈ సంగతి తెలుసు.

ఆ పొద్దున సూర్యాపేటలో గాజులక్క నా ఒడి నింపింది. రేషను షాపు కంట్రోలు బియ్యం. లావు గింజ. పసుపు పట్టించి, దోసిళ్లతో పోసింది. కొంగు ముడి వేసుకొని, పైన శాలువా కప్పుకొని ఆయనతో కలిసి మిర్యాలగూడ బస్సెక్కాను. ఒళ్లో బరువు నాకు హాయిగా ఉంది.

ఇంటి ముందు షామియానా. మార్కెట్ యార్డంతా అక్కడే ఉంది. ఇత్తడి తాంబాళంలో మా మిల్లులో ఆడించిన సన్నబియ్యం గుట్టగా పోసి ఉంది. అన్న లేని లోటు తెలియనియ్యలేదు, ఇవాళ్టితోటి నా బాధ్యత తీరింది అని చిన్నాయన అందరికీ చెబుతున్నాడు. చిన్నమ్మ పీట వేసి కూసో బిడ్డా అంది.

నేను కూర్చోలేదు. శాలువా తీసి, ముడి వదులు చేసి, ఒడిలో పసుపు బియ్యం అందరికీ కనబడేలా పట్టుకున్నాను.

"నా ఒడి నిండింది చిన్నాయన. పొద్దున్నే సూర్యాపేటల మా పుట్టింటోళ్లు పోసిర్రు."

ఎదురింటి ముసలమ్మ ఒక్కతే లేచి వచ్చి, చిన్నమ్మ చేతిలో దోసెడు బియ్యం చూసి, నిండిన ఒడిల పోస్తరానే, తియ్యి ఆ తాంబాళం అంది. చిన్నమ్మ బియ్యాన్ని మళ్లీ గుట్టలో వదిలేసింది.

అప్పుడు నేను చిన్నాయనకు చేతులెత్తి దండం పెట్టాను. మా నాయన నేర్పినట్టే చేసిన మేళ్లను ఒక్కొక్కటిగా తలుచుకున్నాను.

"నీ మేలు మరువ చిన్నాయన. కోతల దాక ఉండుమని నువ్వనకపోతే ఆయన రాకపోవు. కోదాడకు పోయి, చాయ్ తాగి, ఇల్లు ఇయ్యొద్దని నువ్వు చెప్పకపోతే నాకు అక్క దొరకకపోవు. కుంటిదని నలుగుర్ల అనకపోతే నేను ఈ గడప దాటకపోదును. ఇదంత నీ చలవనే. ఈడున్నోళ్లందరికి ఎరుక గావాలె."

కోదాడకు పోయినవా అని యార్డు ప్రెసిడెంటు మెల్లగా అడిగాడు. మా ఆయన ఇల్లు అడిగితే ఇవ్వలేమని చెప్పిన వాళ్లు కూడా ఆ షామియానా కింద ఉన్నారు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నాయన తాంబాళం వంక చూస్తూ ఉండిపోయాడు. చిన్నమ్మ కంట నీళ్లు పెట్టుకుంది. నాకు జాలి కలగలేదు. కలగనందుకు సంతోషించాను.

భోజనాలకు కూర్చోకుండా మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాం. మర్నాడు గాజులక్క వాకిట్లో ఆ బియ్యం వండి, నల్లా దగ్గరి ఆడవాళ్లందరికీ పెట్టాం.

తర్వాత మా చిన్నాయన చాలా ఏళ్లు బతికాడు. అన్న బిడ్డను సాకిన అన్న మాట మళ్లీ ఎవరి ముందరా అనలేదని విన్నాను. ఆయన దగ్గర నేను తీసుకున్నది అదొక్కటే, అది తిరిగి ఇవ్వలేదు. మంచాన పడ్డాక ఒకసారి చూసిపొమ్మని కబురు పెట్టాడు. నేను వెళ్లలేనంత దూరమేమీ కాదు. వెళ్లలేదు. దీపం పెట్టే వేళ ఆయన కూడా గుర్తుకొస్తాడు. గుర్తుకొచ్చిన ప్రతిసారీ ఆ తాంబాళం, అందులో ఎవరి ఒడిలోకీ పోని సన్నబియ్యం కళ్ల ముందుకు వస్తాయి. నా ప్రాణం నెమ్మదిస్తుంది.

గాజులక్క పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. ఆమెకు కూతుళ్లు లేరు. ఎవరి ఒడీ నింపే రాత లేదని అనుకునేదట, నాది నింపేదాకా. ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. మా చిన్నాయనను మరిచిపోయినా నాకు ఫరవాలేదు. మీ ఇంట్లో ఏ ఆడపిల్లకైనా ఒడిబియ్యం పోసేటప్పుడు సూర్యాపేటలో గాజులు అమ్ముకున్న మా అక్కను ఒక్క క్షణం తలుచుకోండి.